ఏడీహెచ్‌డీ ఉంది, ఎమ్మెస్‌కి వెళ్తున్నా - ఇక్కడి డాక్టర్ రాసిన కాగితం అక్కడి యూనివర్సిటీలో చెల్లుతుందా?

కాకినాడ_కాజా:

అందరికీ నమస్తే. ఈ ఆగస్టులో ఎమ్మెస్ డేటా సైన్స్‌కి టెక్సాస్ వెళ్తున్నాను, యూనివర్సిటీ పంపే ఐ-20 ఫామ్ వచ్చేసింది, వీసా కూడా వచ్చింది. పోయినేడాది హైదరాబాద్‌లో ఒక సైకియాట్రిస్ట్‌కి చూపించుకుంటే ఏడీహెచ్‌డీ, అంటే ధ్యాస నిలవని సమస్య, అన్నారు, అందులో ఇనటెన్టివ్ రకం అట, అంటే గెంతడాలు అల్లరి చెయ్యడాలు ఏమీ ఉండవు, కూర్చున్న చోటే బుద్ధిగా కూర్చుంటాను కానీ బుర్ర మాత్రం అక్కడ ఉండదు. అందుకే స్కూల్లో ఎవరూ పట్టించుకోలేదు, పరధ్యానం పిల్ల అని వదిలేశారు. దానికి మిథైల్ ఫెనిడేట్ అనే మందు వాడుతున్నాను, చాలా తేడా ఉంది, కానీ పరీక్షల విషయంలో మాత్రం ఇబ్బంది అలాగే ఉంది. వచ్చిన ఆన్సర్ కూడా రాయలేను, ఒకే ప్రశ్న మళ్లీ మళ్లీ చదువుతాను, ఇంటర్‌లో వీకెండ్ టెస్టుల్లో ఓఎమ్మార్ మీద ఒక వరుస జారిపోయి అక్కడి నుంచి చివరిదాకా అన్నీ పక్క గడిలో దిద్దేసిన రోజులున్నాయి.

యూనివర్సిటీలో డిసెబిలిటీ సర్వీసెస్ అని ఒక ఆఫీసు ఉంది, అక్కడ రిజిస్టర్ అయితే పరీక్షకి ఎక్కువ టైం ఇస్తారని తెలిసింది. ఫామ్ ఓపెన్ చేస్తే డాక్యుమెంటేషన్ అప్‌లోడ్ చెయ్యమంటోంది. నా దగ్గర ఉన్నది ఒక్క మందుల చీటీ, దాని మీద ఏడీహెచ్‌డీ అని ఒక ముక్క, కింద మందు పేరు, డోసు, అంతే. ఇది సరిపోతుందా? ఇండియా డాక్టర్ రాసింది ఒప్పుకుంటారా లేక అక్కడికి వెళ్లాక మళ్లీ టెస్టులు చేయించుకోవాలా? ఐక్యూ టెస్ట్ కూడా కావాలంటున్నారు కొందరు. బీటెక్‌లో 8.4 సీజీపీఏ ఉంది, అది చూసి నీకేం ప్రాబ్లం అంటారేమో అని ఒక భయం. నాన్నగారైతే అసలు చెప్పొద్దంటున్నారు, వీసాకి ఏమైనా అవుతుందని, రేపు ఉద్యోగానికి అడ్డం వస్తుందని, ట్రాన్స్‌క్రిప్ట్ మీద పడిపోతుందని. తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్.


ఓరుగల్లు_పోరడు:

చెల్లె ముందుగాల ఒకటి జెప్త, వీసా గురించి భయపడకు. డిసెబిలిటీ ఆఫీసుల రిజిస్టర్ అయితే ఎఫ్-1 స్టేటస్‌కు, అంటే స్టూడెంట్ వీసాకు, ఏం గాదు. నేను ఓహియోల ఎమ్మెస్ చేస్తున్న, నాకు కూడ ఏడీహెచ్‌డీనే, ఫస్ట్ సెమిస్టర్ నుంచే ఎక్‌స్ట్రా టైం తీసుకుంటున్న. గంటంబావు ఎగ్జామ్ ఉంటే నాకు ఇంచుమించు రెండు గంటలు ఇస్తరు, క్లాస్‌ల గాకుండ టెస్టింగ్ సెంటర్‌ల చిన్న రూముల కూసుంట, పక్కపొంటి ఎవ్వరు పెన్ను టకటక కొట్టరు. ఆన్‌లైన్ క్విజ్‌లకు ప్రొఫెసర్ కాన్వాస్ అనే క్లాస్ వెబ్‌సైట్‌ల నా పేరు మీద టైం పెంచుతడు. ప్రొఫెసర్‌కు పోయే లెటర్‌ల ఏం జబ్బు అని ఉండదు, ఈ స్టూడెంట్‌కు ఈ ఈ సౌకర్యాలు ఇయ్యాలె అని మాత్రమే ఉంటది. క్లాస్‌ల ఎవ్వరికీ తెల్వది, మా రూమ్మేట్స్‌కు నేను జెప్తేనే తెలిసింది.

ఇగ అస్సలు మర్చిపోవద్దు అనేది ఏందంటే, ఇది వెనక్కి వర్తించదు. మిడ్‌టర్మ్ పోయినంక పోయి నాకు ఏడీహెచ్‌డీ ఉండె సార్, ఆ మార్కులు మళ్ల చూడున్రి అంటే నడవదు. లెటర్ అప్రూవ్ అయిన రోజు నుంచే లెక్క. ఇంకోటి, ప్రతి సెమిస్టర్ పోర్టల్‌ల పోయి మళ్ల రిక్వెస్ట్ పెట్టాలె, దానంతట అది పోదు. టెస్టింగ్ సెంటర్ స్లాట్ గూడ కొన్ని రోజుల ముందుగాల బుక్ చేస్కోవాలె. మనలాంటోళ్లకు గీ డెడ్‌లైన్లు గుర్తు పెట్టుకునుడే అన్నిటికన్న కష్టం, అందుకే సిలబస్ చేతికొచ్చిన రోజే అన్ని ఎగ్జామ్ తారీఖులు ఒక్కసారే బుక్ చేసి పెట్టుకో.

కోర్స్ లోడ్ ఎక్కువైతే తగ్గించుకునుడు గురించి మాత్రం జాగ్రత్త. మెడికల్ రీజన్ మీద ఫుల్ టైం కన్న తక్కువ క్రెడిట్లు చేసుకోవచ్చు, రూల్ ఉంది, ఒక డిగ్రీ లెవెల్‌కు మొత్తం మీద 12 నెలల దాకనే. కానీ దానికి డిసెబిలిటీ ఆఫీసు ఒప్పుకుంటే సరిపోదు, ఇంటర్నేషనల్ ఆఫీసుల డీఎస్‌ఓ, అంటే మన వీసా కాగితాలు చూసే ఆఫీసర్, ముందుగాల సెవిస్ అనే సర్కారు ఆన్‌లైన్ రికార్డుల అప్రూవ్ చెయ్యాలె, ఆ తర్వాతనే కోర్స్ డ్రాప్ చెయ్యాలె. ముందు డ్రాప్ చేసి తర్వాత పోయి చెప్తే స్టేటస్ పోతది. ఈ రెండు ఆఫీసులు వేరు వేరు, ఒకళ్లు చెప్పింది ఇంకొకళ్లకు తెల్వదు.


బెజవాడ_సైక్:

నేను క్లినికల్ సైకాలజిస్ట్‌ని, విజయవాడలో ప్రాక్టీసు. ప్రతి వేసవిలో ఇదే పని మీద పిల్లలు వస్తుంటారు కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

మందుల చీటీ చాలదమ్మా. అది మీకు వైద్యం జరుగుతోందని చెప్తుంది కానీ చదువులో మీకు ఏది ఎక్కడ అడ్డం పడుతోందో చెప్పదు, అక్కడి ఆఫీసుకి కావలసింది అదే. ఇండియా డాక్టర్ రాసినా చాలా చోట్ల ఒప్పుకుంటారు, కానీ రాసినవాళ్లకి ఏడీహెచ్‌డీ నిర్ధారించే అర్హత ఉందని కాగితం మీద కనపడాలి. సైకియాట్రిస్ట్ అయితే మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబర్, మాలాంటివాళ్లమైతే ఆర్‌సీఐ అంటే రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ నంబర్ ఉండాలి. లెటర్‌హెడ్, తేదీ, సంతకం, అంతా ఇంగ్లీషులో, టైపు చేసి. చేత్తో గిలికింది స్కాన్ చేసి పంపితే అక్కడివాళ్లు చదవలేరు. ఆర్‌సీఐ రిజిస్ట్రేషన్ లేకుండానే ఆన్‌లైన్లో ప్రశ్నావళి పెట్టేసి సాయంత్రానికి సర్టిఫికెట్ ఇచ్చేస్తున్నవాళ్లు ఇప్పుడు చాలామంది ఉన్నారు, దయచేసి అలాంటివాటికి డబ్బులు తగలెయ్యకండి.

ఐక్యూ టెస్ట్ గురించి అడిగారు. ఏడీహెచ్‌డీ అనేది రక్తపరీక్షలోనో స్కానింగ్‌లోనో తేలేది కాదు, ఒక్క టెస్టుతో తేలేదీ కాదు, వివరంగా మాట్లాడి హిస్టరీ తీసుకుని చెప్పేది. డీఎస్ఎం-5, అంటే మానసిక సమస్యలు నిర్ధారించడానికి మేం వాడే అమెరికా ప్రామాణిక పుస్తకం, దాని ప్రకారం 17 ఏళ్లు నిండినవాళ్లకి ఇనటెన్షన్ లక్షణాల్లో కనీసం 5 గానీ హైపరాక్టివిటీ లక్షణాల్లో కనీసం 5 గానీ ఉండాలి, ఆరు నెలలకి పైగా ఉండాలి, ఇల్లు, కాలేజీ, పని అలా రెండు మూడు చోట్ల కనపడాలి, కొన్ని లక్షణాలైనా 12 ఏళ్ల లోపే మొదలై ఉండాలి. మేం డైవా-5 లాంటి ఇంటర్వ్యూ చేస్తాం, రేటింగ్ స్కేళ్లు నింపిస్తాం, కానీ స్కోరు ఒక్కటే చూసి రాసెయ్యం. వెయిస్ లాంటి ఐక్యూ టెస్ట్ కొన్ని యూనివర్సిటీలు అడుగుతాయి, చాలా వరకు అడగవు, లెర్నింగ్ డిసెబిలిటీ కూడా ఉందేమో అని అనుమానం ఉంటే చేయించుకోవడం మంచిది. ముందు మీ యూనివర్సిటీ వెబ్‌సైట్లో ఏడీహెచ్‌డీ డాక్యుమెంటేషన్ గైడ్‌లైన్స్ పేజీ తీసి దాని ప్రింట్ డాక్టర్ గారి చేతిలో పెట్టండి. రిపోర్ట్ ఎప్పటిది ఉండాలో కూడా అందులో ఉంటుంది, కొన్ని చోట్ల మూడేళ్ల లోపుది, కొన్ని చోట్ల ఐదేళ్ల లోపుది అంటారు.

ఇప్పుడు అసలు సంగతి. 12 ఏళ్ల లోపు లక్షణాలు ఉన్నాయని ఎలా చూపిస్తాం? అమెరికాలో అయితే రిపోర్ట్ కార్డుల్లో టీచర్లు నాలుగు వాక్యాలు రాస్తారు. మన కార్పొరేట్ స్కూళ్ల ప్రోగ్రెస్ కార్డుల్లో మార్కులు, ర్యాంకు తప్ప ఏముంటుంది? అందుకని అమ్మానాన్నలతో మాట్లాడటం తప్పనిసరి. అక్కడొచ్చే చిక్కేంటంటే వాళ్లు పెళ్లి సంబంధం మాట్లాడుతున్నట్టు మాట్లాడతారు, చిన్నప్పుడు ఏమీ లేదండీ, బంగారం లాంటి పిల్ల, ఎప్పుడూ ఫస్టే అని. ప్రేమతోనే అంటారు, కానీ అది రిపోర్టుని దెబ్బతీస్తుంది. నేను వేరేలా అడుగుతాను. హోమ్‌వర్క్ దగ్గర ఎవరు కూర్చునేవారు, ఎంతసేపు, పక్కన లేకపోతే ఏం జరిగేది, నెలకి ఎన్ని టిఫిన్ బాక్సులు పోయేవి, అన్నం ముందు ఎంతసేపు కూర్చునేది అని. అప్పుడు బయటికి వస్తాయి.

ఇంటర్‌లో హాస్టల్ సంగతి కూడా రాయించండి. పొద్దున్నే లేపేది వాళ్లు, స్టడీ అవర్స్‌లో ఎదురుగా వార్డెన్, రోజూ టెస్ట్, ఫోన్ ఉండదు. అలా బయటినుంచి పట్టి ఉంచే ఏర్పాటు ఉన్నంతకాలం లోపలి ఇబ్బంది కప్పబడిపోతుంది, ర్యాంకు కూడా వచ్చేస్తుంది. ఆ పట్టు వదిలిన రోజున, అంటే సొంతంగా వండుకుని, సొంతంగా టైం చూసుకుని చదవాల్సిన చోట మొత్తం కూలిపోతుంది. సీజీపీఏ బాగున్నా ఇబ్బంది ఉందని చెప్పడానికి మన పిల్లల విషయంలో ఇంతకంటే బలమైన ఆధారం ఇంకోటి లేదు, అమెరికాలో ఫైలు చదివేవాళ్లకి మన హాస్టళ్లు ఎలా ఉంటాయో తెలియదు కాబట్టి అది విడమరిచి రాయాలి.

రిపోర్టులో వాక్యం ఎలా ఉండాలో చెప్తాను. ఈమెకి ఏడీహెచ్‌డీ ఉంది, ఎక్కువ సమయం ఇవ్వగలరు అని రాస్తే ఉపయోగం తక్కువ. పొడవైన ప్రశ్న చదివేటప్పుడు మధ్యలో ధ్యాస తప్పి మొదటినుంచి మళ్లీ మొదలుపెట్టాల్సి వస్తుంది, అందువల్ల ఇచ్చిన టైంలో పేపర్ పూర్తి కాదు, మందు వేసుకున్నా ఈ ఇబ్బంది కొంత మిగిలే ఉంది, కాబట్టి ఒకటిన్నర రెట్లు సమయం కావాలి. చుట్టూ చప్పుడుంటే ఆన్సర్లు గడి తప్పుతాయి, కాబట్టి విడిగా కూర్చోబెట్టాలి. ఇలా ఒక్కో ఇబ్బందికి ఒక్కో సౌకర్యం జతపడాలి. మీరు చెప్పిన ఓఎమ్మార్ సంగతి తప్పకుండా రాయించండి, అలాంటివే చదివేవాళ్లకి పట్టుకుంటాయి.


అనకాపల్లి_బెల్లం:

నేను తల్లిని అమ్మా, మా అబ్బాయి పోయినేడాది వెళ్లాడు. మీ నాన్నగారి భయం నాకు తెలుసు, మా ఇంట్లోనూ అదే గొడవ, మా ఆయన ఆ డాక్టర్ దగ్గరికే రానన్నారు, బద్ధకానికి ఇంగ్లీషు పేరు పెట్టారు అనేవారు. నేనొక్కదాన్నే వెళ్లాను. సైకాలజిస్ట్ గారు పాత కాగితాలు ఏమైనా ఉన్నాయా అంటే అటక మీద ట్రంకు పెట్టె దింపి వెతికాను, వాడి మూడో తరగతి స్కూల్ డైరీ దొరికింది. అందులో వెనక రిమార్కుల పేజీల్లో ఎర్ర ఇంకుతో హోమ్‌వర్క్ నాట్ డన్, కంపాస్ బాక్స్ పోగొట్టుకున్నాడు, క్లాసులో కిటికీ బయటికి చూస్తూ ఉంటాడు, బోర్డు మీది సగమే రాసుకున్నాడు, ఇలా నెలనెలా ఉన్నాయి, ప్రతిదాని కింద నా సంతకం. ఆవిడ ఫోటోలు తీసి రిపోర్టుకి జత చేశారు, ఇంతకు మించిన ఆధారం అక్కర్లేదమ్మా అన్నారు. డైరీ చూశాక మా ఆయన ఏమీ మాట్లాడలేదు, రెండో సిట్టింగ్‌కి ఆయనే కారు తీశారు.

మీ ఇంట్లో కూడా డైరీలు, పాత నోట్సులు ఉంటే పారెయ్యకుండా చూడండి. సగం రాసి వదిలేసిన పరీక్ష పేపర్లున్నా దాచండి.


అక్క_ఇన్_మిన్నెసోటా:

నేను ఇక్కడ ఒక యూనివర్సిటీ డిసెబిలిటీ ఆఫీసులోనే పని చేస్తున్నాను, రోజూ ఇవే ఫైళ్లు చూస్తాను. బెజవాడ గారు రాసింది నూటికి నూరుపాళ్లు కరెక్ట్, దానికి అమెరికా వైపు సంగతి కలుపుతాను.

ఇక్కడ యూనివర్సిటీ మీకు దయతలిచి ఇచ్చేది కాదిది, చట్టం. 1973 రీహాబిలిటేషన్ యాక్ట్‌లో సెక్షన్ 504, 1990లో వచ్చిన ఏడీఏ అంటే అమెరికన్స్ విత్ డిసెబిలిటీస్ యాక్ట్, ఈ రెండింటి కింద మీ హక్కు, ఇంటర్నేషనల్ స్టూడెంట్ అయినా అంతే. 2008లో ఏడీఏని సవరించారు, ఆ సవరణలో మీకు పనికొచ్చేవి రెండున్నాయి. ఏకాగ్రత పెట్టడం, ఆలోచించడం, చదవడం అన్నీ ముఖ్యమైన జీవన క్రియలే అని రాశారు, మందు వేసుకుంటే బాగానే ఉంటావు కదా అని లెక్క తగ్గించకూడదని రాశారు. 2016లో జస్టిస్ డిపార్ట్‌మెంట్ ఇచ్చిన రూల్స్‌లో అయితే మార్కులు బాగా వచ్చినంత మాత్రాన వైకల్యం లేదనడానికి లేదు, ఆ మార్కుల కోసం మిగతావాళ్లకంటే ఎంత టైం, ఎంత శ్రమ పెట్టాల్సి వచ్చిందో చూడాలి అనే అర్థంలో స్పష్టంగానే ఉంది. కాబట్టి 8.4 గురించి భయపడకు తల్లీ, ఆ 8.4 ఎలా వచ్చిందో చెప్పు. మిగతావాళ్లు ఒక సాయంత్రంలో ముగించే రికార్డు నీకెన్ని రాత్రులు పట్టిందో చెప్పు.

డాక్యుమెంటేషన్ ఎంత కావాలన్నది ఒక్కో యూనివర్సిటీకి ఒక్కోలా ఉంటుంది. మా వృత్తి సంఘం అహెడ్ 2012లో ఇచ్చిన గైడెన్స్ ప్రకారం స్టూడెంట్ తన ఇబ్బంది గురించి స్వయంగా చెప్పేదే మొదటి ఆధారం, మాట్లాడేటప్పుడు మేం గమనించేది రెండోది, డాక్టర్ కాగితాలు మూడోది. అన్ని ఆఫీసులూ అలా నడవవు, ఇప్పటికీ మందపాటి రిపోర్టు లేనిదే కదలనివాళ్లు ఉన్నారు, కానీ ఎక్కడైనా స్టూడెంట్‌తో మేం మొదట మాట్లాడే ఇంటేక్ మీటింగ్ చాలా ముఖ్యం. మన పిల్లలు అక్కడికొచ్చి ఐ యామ్ మేనేజింగ్ అంటారు. ఎలా ఉన్నావంటే బాగున్నా అనడం మనకి మర్యాద, అక్కడ మాత్రం బాగాలేని రోజు గురించే చెప్పాలి. నేను నీ ఎదురుగా ఉంటే ఇనటెన్టివ్ అనే మాట కాదు, ఆ ఓఎమ్మార్ గడి జారిన సంగతి అడుగుతాను.

ఏమేం ఇస్తారంటే ఎక్కువ సమయం, తక్కువ చప్పుడుండే గది, లెక్చర్ రికార్డింగ్, నోట్సు సాయం, ముందుగా కోర్సులు ఎంచుకునే అవకాశం, కొన్ని చోట్ల డెడ్‌లైన్లలో కొంత వెసులుబాటు. కోర్సు మూలస్వరూపం మారిపోయేలా మాత్రం ఇవ్వరు, అంటే ఒక ప్రాజెక్ట్ మొత్తం తీసెయ్యమంటే కుదరదు. కొత్తగా టెస్టింగ్ చేయించుకోవాల్సొస్తే ఆ ఖర్చు యూనివర్సిటీ భరించాలని చట్టంలో లేదు, బయట న్యూరోసైకాలజీ వాళ్ల దగ్గర వేల డాలర్లు అవుతుంది, స్టూడెంట్ ఇన్సూరెన్స్ చాలాసార్లు కవర్ చెయ్యదు. అందుకే ఇండియాలో ఉండగానే పూర్తి రిపోర్ట్ తెచ్చుకోమని నేను గట్టిగా చెప్తాను. తప్పకపోతే కొన్ని యూనివర్సిటీల్లో సైకాలజీ డిపార్ట్‌మెంట్ వాళ్లే పీహెచ్‌డీ స్టూడెంట్ల చేత తక్కువ ఫీజుకి చేయిస్తారు, క్యూ మాత్రం పొడుగ్గా ఉంటుంది. రిపోర్ట్ వచ్చేలోపు ఒక సెమిస్టర్‌కి తాత్కాలికంగా ఇవ్వగలరా అని అడుగు, చాలా ఆఫీసులు ఇస్తాయి, అడిగితేనే.

నాన్నగారికి ఇలా చెప్పు. ట్రాన్స్‌క్రిప్ట్ మీద, డిగ్రీ మీద ఒక్క అక్షరం పడదు. ఫైలు మా ఆఫీసులో విడిగా ఉంటుంది. కంపెనీలకి పంపం. ఒకవేళ కాదన్నారనుకో, ఎందుకు కాదన్నారో రాసివ్వమని అడిగి యూనివర్సిటీలో ఏడీఏ లేదా 504 కోఆర్డినేటర్‌కి అప్పీల్ పెట్టుకోవచ్చు. అక్కడా కాకపోతే ఎడ్యుకేషన్ డిపార్ట్‌మెంట్‌లో ఆఫీస్ ఫర్ సివిల్ రైట్స్‌కి 180 రోజుల్లోపు ఫిర్యాదు చెయ్యొచ్చు, 2025లో అక్కడ చాలామందిని తీసేశారు కాబట్టి దాని మీదే ఆశ పెట్టుకోకుండా లోపలే తేల్చుకోవడం మేలు.


మౌలాలి_మామ:

మరి ఇక్కడ హైదరాబాద్‌లో చదివే మా అల్లుడికి ఇలాంటిది ఏమైనా ఉందా అండీ, బీటెక్ సెకండ్ ఇయర్, వాడికీ ఇదే చెప్పారు.


బెజవాడ_సైక్:

మన దగ్గర దారి ఇరుకండీ. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలున్నాయి, స్పెసిఫిక్ లెర్నింగ్ డిసెబిలిటీ అందులో ఉంది, ఏడీహెచ్‌డీ విడిగా లేదు. మా అల్లుడు అన్నారు కదా, వాడికి చదవడంలో, రాయడంలో కూడా తడబాటు ఉందేమో చూపించండి, రెండూ కలిసి ఉండటం మామూలే. సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో ఎన్‌ఐఈపీఐడీ ఉంది, కేంద్ర ప్రభుత్వ సంస్థ, అక్కడ అడగొచ్చు. వైకల్య సర్టిఫికెట్ ఉంటే పరీక్షలో గంటకి 20 నిమిషాలకి తగ్గకుండా అదనపు సమయం ఉంది. 2021లో వికాస్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు, 40 శాతం వైకల్యం లేదన్న ఒక్క కారణంతో స్క్రైబ్‌ని, అంటే పరీక్ష రాసిపెట్టే మనిషిని, కాదనకూడదని చెప్పింది, అది రాయడంలో ఇబ్బంది ఉన్న మనిషి కేసు, ఏడీహెచ్‌డీది కాదు, కానీ కాలేజీతో మాట్లాడేటప్పుడు చేతిలో ఉంటే మంచిదే. ఏడీహెచ్‌డీ ఒక్కటే అయితే చట్టం కంటే ప్రిన్సిపాల్ మనసు మీదే ఆధారపడాల్సి వస్తోంది ఇప్పటికీ. ఇది మారాలి, మాకు తెలిసినంతలో మేం ఎక్కడికి పోయినా అడుగుతూనే ఉన్నాం.


కాకినాడ_కాజా:

అందరికీ చాలా చాలా థాంక్స్, ఇంత వివరంగా చెప్తారనుకోలేదు. నాన్నకి అక్క రాసింది చదివి వినిపించాను, ట్రాన్స్‌క్రిప్ట్ మీద పడదంటే కొంచెం మెత్తబడ్డారు. డాక్టర్ గారి అపాయింట్‌మెంట్ వచ్చే మంగళవారం, అమ్మ వస్తానంది. అక్కా ఇంకో రెండు డౌట్లు, ఆ ఇంటేక్ మీటింగ్ ఇక్కడి నుంచే అవుతుందా, నాన్న పక్కన కూర్చోవచ్చా? మందులు తీసుకెళ్లడానికి ఈ రిపోర్ట్ సరిపోతుందా?


అక్క_ఇన్_మిన్నెసోటా:

మీటింగ్ చాలా ఆఫీసులు జూమ్‌లో చేస్తాయి, అడ్మిషన్ కన్ఫర్మ్ అయి స్టూడెంట్ ఐడీ వచ్చాక వెంటనే మెయిల్ పెట్టు, ఆగస్టు రెండో వారం వచ్చిందంటే మాకు ఊపిరి ఆడదు. ఇక్కడ కాలేజీలో చేరాక నీ రికార్డుల మీద హక్కు నీదే, ఫెర్పా అని చట్టం, నువ్వు సంతకం పెడితే తప్ప నాన్నగారితో మేం మాట్లాడం. కూర్చోవచ్చు, కానీ మాట్లాడాల్సింది నువ్వే.

మందుకి ప్రిస్క్రిప్షన్ వేరేగా ఒరిజినల్ పెట్టుకో, ఒరిజినల్ డబ్బాలోనే తీసుకురా. మిథైల్ ఫెనిడేట్ ఇండియాలో షెడ్యూల్ ఎక్స్, ఇక్కడ షెడ్యూల్ టూ, అంటే రెండు చోట్లా గట్టి నియంత్రణ ఉన్న మందుల జాబితాలో ఉంది, ఇక్కడ రీఫిల్ ఉండదు, ప్రతిసారీ కొత్త ప్రిస్క్రిప్షన్ కావాలి, అందుకే దిగగానే స్టూడెంట్ హెల్త్‌లో అపాయింట్‌మెంట్ తీసుకో, అక్కడ కూడా ఇదే రిపోర్ట్ అడుగుతారు.

ఇంకొకటి, మంగళవారం డాక్టర్ గారికి ముందే చెప్పు, రిపోర్టులో పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే పూర్తిగా రాయమని. మనవాళ్లు ఇంటిపేరుకి ఒక అక్షరం పెట్టేసి వదిలేస్తారు, ఇక్కడ సిస్టంలో ఆ పేరుతో ఎవరూ దొరకరు, దాన్ని సరిచెయ్యించుకునే లోపు మొదటి క్విజ్ అయిపోతుంది. పుట్టినతేదీ కూడా అంతే, పాస్‌పోర్టులో ఉన్నదే వెయ్యమను.